తీవ్రమైన వాల్వు జబ్బులో మరణం ఏ దారిన వస్తుంది?

పరిశీలక:

ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో వాల్వు జబ్బు ‘తీవ్రం’ అని తేలినవాళ్ళు చివరికి దేనివల్ల చనిపోతారు? దీని మీద ఒక సమాచార వ్యాసం సిద్ధం చేస్తున్నాను. ఎక్కడ చూసినా ‘హార్ట్ ఫెయిల్యూర్’ అనే ఒక్కమాటతో సరిపెడుతున్నారు. మరణ ధ్రువపత్రాల్లోనైతే ‘గుండె, శ్వాస ఆగిపోవడం’ అని ఉంటుంది. ఎవరు పోయినా ఆగేవి ఆ రెండే కదా, అది కారణమెలా అవుతుంది?

ఇరుకైన వాల్వుకీ లీకయ్యే వాల్వుకీ మరణ కారణాలు వేరా? హఠాన్మరణం నిజంగా ఎంత తరచు? వాల్వు మార్చాక ప్రమాదం ఎటునుంచి వస్తుంది? ఈ రోగులను చూసేవాళ్ళు అంకెలతో సహా చెబితే మేలు. ధ్రువపత్రంలో ఎలా రాయాలో కూడా చెప్పండి.

ఎకోగది:

పరిశీలక గారూ, అన్ని వాల్వులకీ సరిపడే ఒకే జవాబు లేదు. ఏ వాల్వు, ఇరుకా లీకా, ఉన్నట్టుండి వచ్చిందా ఏళ్ళ తరబడి పెరిగిందా అన్నది తెలిస్తే ప్రమాదం ఎటునుంచి రాబోతోందో చాలావరకు చెప్పవచ్చు. నేను అయోర్టిక్ వాల్వు (గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్ళే ద్వారం) ఇరుకు గురించి రాస్తాను. పెద్దవయసులో ఆపరేషన్ దాకా వెళ్ళే వాల్వు జబ్బుల్లో ముందుండేది అదే.

మామూలుగా ఆ వాల్వు 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్ల మేర తెరుచుకుంటుంది. అది 1కి దిగితే, రక్తం వేగం సెకనుకి 4 మీటర్లకి చేరితే, సగటు పీడన తేడా 40 మి.మీ.కి చేరితే తీవ్రం అంటాం. ఆ అడ్డాన్ని నెట్టుకుంటూ నెట్టుకుంటూ ఎడమ జఠరిక (ఒంటికి రక్తం పంపే గుండె కింది గది) గోడ మందమవుతుంది. మందమైన గోడకి రక్తం ఎక్కువ కావాలి. కానీ గుండె కండరానికి రక్తం అందేది ముఖ్యంగా గుండె సడలినప్పుడు. ఈ గుండెలో సడలినప్పుడు కూడా లోపలి పీడనం ఎక్కువే కాబట్టి గోడ లోపలి పొరకి రక్తం చాలదు. రక్తనాళాల్లో ఏ అడ్డూ లేకున్నా నడిస్తే ఛాతీ నొప్పి వచ్చేది ఇందుకే. క్రమంగా అక్కడి కండరం పోయి నారగా మారుతుంది, గోడ బిగుసుకుంటుంది, వెనక ఊపిరితిత్తుల్లో పీడనం పెరుగుతుంది. ఆయాసం మొదలైందంటే కథ ఇక్కడి దాకా వచ్చినట్టు.

1968లో రాస్, బ్రాన్‌వాల్డ్ చెప్పిన లెక్కను ఇప్పటికీ అందరూ వాడతారు. వాల్వు మార్చకపోతే, ఛాతీ నొప్పి మొదలయ్యాక సగటున 5 ఏళ్ళు, స్పృహ తప్పి పడిపోవడం మొదలయ్యాక 3, హార్ట్ ఫెయిల్యూర్ మొదలయ్యాక 2. ఇది పాతకాలపు అంచనా అనుకోకండి. 2010లో వెలువడిన పార్ట్‌నర్ అధ్యయనంలో, ఆపరేషన్ తట్టుకోలేరని తేల్చినవాళ్ళకి మందులు, అవసరమైతే బెలూనుతో సాగదీయడం లాంటి మామూలు చికిత్స మాత్రమే ఇస్తే ఏడాదిలో 50.7 శాతం చనిపోయారు. తొడ నాళం గుండా కొత్త వాల్వు పెట్టినవాళ్ళలో అది 30.7 శాతం. మందులతో ఈ వాల్వు తెరుచుకోదు. నీటి మాత్ర ఆయాసం తగ్గిస్తుంది, అంతే.

హఠాన్మరణం విషయంలో జనంలో రెండు రకాల పొరపాట్లున్నాయి. ‘తీవ్రం’ అనగానే ఏ క్షణమైనా పోతారని భయపెట్టడం ఒకటి. లక్షణాలు లేనివాళ్ళలో అది ఏడాదికి సుమారు 1 శాతం. లక్షణాలు వచ్చాక కూడా అదే ధీమాతో ఉండటం రెండోది. అప్పుడు ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది, నెలల తరబడి వాయిదా వేయడానికి వీల్లేదు. జరిగే తీరు ఇదీ: శ్రమపడేటప్పుడు కాళ్ళలోని రక్తనాళాలు వెడల్పవుతాయి, వాల్వు ఇరుకు వల్ల గుండె రక్తం పెంచి పంపలేదు, బీపీ పడిపోతుంది. జఠరిక లోపల పీడనం విపరీతంగా పెరిగితే దాని గోడలోని నాడులు మెదడుకి తప్పు సంకేతం పంపి, నాళాలను ఇంకా వదులు చేసి గుండె వేగాన్ని తగ్గిస్తాయి. బీపీ పడగానే గుండె కండరానికి రక్తం తగ్గుతుంది, జఠరిక లయ చెదిరి కంపించడం మొదలవుతుంది. ఇంకో దారి కూడా ఉంది. వాల్వు మీద పేరుకున్న సున్నం (కాల్షియం) పక్కనే ఉన్న గుండె విద్యుత్ తీగలోకి పాకితే హార్ట్ బ్లాక్ (విద్యుత్ సంకేతం జఠరికకి చేరకపోవడం) వస్తుంది.

ఎకో చేసేవాళ్ళకి ఒక హెచ్చరిక, ఇది నిజంగా ప్రాణాల మీదికి తెస్తుంది. గుండె బలహీనపడితే వాల్వు గుండా వెళ్ళే రక్తమే తగ్గుతుంది, పీడన తేడా 40 నుంచి 25కి దిగుతుంది. రిపోర్టులో ‘మధ్యస్థం’ అని పడుతుంది. జబ్బు ముదిరినదాన్ని తగ్గినట్టు చదువుతున్నాం అన్నమాట. వాల్వు వైశాల్యం 1 లోపు ఉండి పీడన తేడా తక్కువగా ఉంటే అక్కడితో వదలకూడదు. ఈఎఫ్ (ఒక్కో కొట్టుకి జఠరిక బయటికి పంపే రక్తం శాతం) తగ్గి ఉంటే డోబుటమిన్ (గుండె బలం పెంచే మందు) నిమిషానికి కిలోకి 5 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి 20 దాకా పెంచుతూ మళ్ళీ కొలవాలి. ఈఎఫ్ బాగానే ఉంటే సీటీలో సున్నం స్కోరు చూడాలి. మగవాళ్ళలో 2000, ఆడవాళ్ళలో 1200 దాటితే తీవ్రం కావడానికే ఎక్కువ అవకాశం.

కర్ణిక:

మిట్రల్ వాల్వు (ఎడమ కర్ణిక, అంటే పై గది నుంచి ఎడమ జఠరికలోకి రక్తం దిగే ద్వారం) సంగతి నేను చెబుతాను. ఇక్కడ అయోర్టిక్ లెక్క పనికిరాదు.

రుమాటిక్ జ్వరం (గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చి వాల్వులను దెబ్బతీసే జబ్బు) వల్ల ఇరుకైన మిట్రల్ వాల్వులో ఎడమ జఠరిక చాలావరకు ఆరోగ్యంగానే ఉంటుంది. ఈఎఫ్ 60 శాతం అని చూసి ‘గుండె బాగుంది’ అని ఇంటికి పంపిస్తే అదే మనిషి వారానికి ఊపిరితిత్తుల్లో నీటితో తిరిగి రావచ్చు. మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లుండే వాల్వు 1.5కి దిగితే తీవ్రం, 1కి దిగితే అతితీవ్రం. ఆపరేషన్లు లేని రోజుల లెక్కల ప్రకారం ఈ రోగుల మరణాల్లో 60 నుంచి 70 శాతం ఊపిరితిత్తుల్లోనూ ఒంట్లోనూ నీరు చేరడం వల్ల, 20 నుంచి 30 శాతం గుండెలో పుట్టిన గడ్డ మెదడుకో మరో అవయవానికో కొట్టుకుపోవడం వల్ల, 10 శాతం ఊపిరితిత్తుల నాళంలో గడ్డ వల్ల, 1 నుంచి 5 శాతం ఇన్ఫెక్షన్ వల్ల. గమనించండి, గడ్డ వాటా ఎంత పెద్దదో.

ఇక్కడ అసలు శత్రువు గుండె వేగం. నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటే ఒక్కో కొట్టుకి ఒక సెకను. అందులో సుమారు మూడింట రెండు వంతులు జఠరిక నిండటానికి. వేగం 120కి పోతే కొట్టుకి అర సెకనే. అందులో నిండటానికి దొరికేది సగం మాత్రమే. ఆ కొద్ది వ్యవధిలో అంతే రక్తం ఇరుకు దారిన దూరాలంటే పీడనం పెరగాలి. అది కూడా ప్రవాహానికి వర్గంలో పెరుగుతుంది, ప్రవాహం రెట్టింపైతే పీడన తేడా నాలుగు రెట్లు. అందుకే జ్వరం, రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువవడం, కొత్తగా వచ్చిన ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (కర్ణికలు లయ తప్పి కంపించడం) లాంటివి నిన్నటిదాకా వంటపని చేసుకున్న మనిషిని ఒక్క రాత్రిలో మంచాన పడేస్తాయి. గర్భంలో రక్తం పరిమాణం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది. చాలామందికి జబ్బు ఉన్నట్టు తెలిసేది అప్పుడే. కాన్పు అయిన వెంటనే గర్భాశయం ముడుచుకుని రక్తాన్ని ఒక్కసారిగా గుండెకి పంపుతుంది కాబట్టి, బిడ్డ పుట్టేసింది కదా అని తొలి ఒకటి రెండు రోజులు కనిపెట్టుకుని ఉండటం మానకూడదు. చికిత్సలో బీటా బ్లాకర్‌తో వేగం తగ్గించడం, నీటి మందు, వాల్వు అనువుగా ఉంటే బెలూనుతో తెరవడం.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ తోడైతే రక్తం పలచబరిచే మందు తప్పనిసరి. ఇక్కడ స్ట్రోక్ స్కోరు లెక్కలు వేయక్కర్లేదు. మందు కూడా వార్ఫరిన్ లాంటిదే కావాలి, ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) 2 నుంచి 3. కొత్త మందులకి పరీక్షలు అక్కర్లేదని మార్చేసేవాళ్ళు 2022లో వచ్చిన ఇన్విక్టస్ అధ్యయనం చూడాలి. రుమాటిక్ వాల్వు ఉన్నవాళ్ళలో రివరాక్సబాన్ అనే కొత్త మందు తీసుకున్నవాళ్ళే ఎక్కువగా చనిపోయారు.

మిట్రల్ లీకు నెమ్మదిగా వస్తే ఏళ్ళ తరబడి ఓర్చుకుంటారు. ఆ ఓర్పే మోసం. లీకు వల్ల జఠరికకి వెనక్కి నెట్టే తేలిక దారి దొరుకుతుంది కాబట్టి ఈఎఫ్ ఉండాల్సినదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. మామూలువాళ్ళకి 58 శాతం మంచి అంకే, ఈ రోగికి కాదు. ఈఎఫ్ 60కి దిగినా, ముడుచుకున్నప్పుడు జఠరిక వెడల్పు 40 మి.మీ.కి చేరినా కండరం దెబ్బతింటోందని అర్థం, లక్షణాలు లేకున్నా శస్త్రచికిత్స మాట ఎత్తాలి. ఉన్నట్టుండి వచ్చే లీకు వేరే జబ్బే అనుకోండి. గుండెపోటు వచ్చిన మొదటి వారంలో వాల్వుని పట్టుకునే కండరం తెగితే ఎడమ కర్ణికకి సాగడానికి వ్యవధి ఉండదు. ఊపిరితిత్తులు నిండిపోతాయి, బీపీ పడిపోతుంది. గొణుగు శబ్దం కూడా మెత్తగా ఉండవచ్చు, అసలు వినపడకపోవచ్చు. ఆపరేషన్ లేకుండా వీళ్ళలో చాలామంది బతకరు.

పరిశీలక:

కృతజ్ఞతలు. అయోర్టిక్ లీకులో కూడా గుండె వేగం తగ్గిస్తే మంచిదేనా? రెండూ వాల్వు జబ్బులే కదా అని ఒకచోట అలా రాశారు.

కర్ణిక:

కాదండీ, అక్కడ లెక్క తిరగబడుతుంది. అయోర్టిక్ లీకు జరిగేది గుండె సడలినప్పుడు. వేగం తగ్గితే సడలే వ్యవధి పెరుగుతుంది, లీకూ పెరుగుతుంది. ఇన్ఫెక్షన్ వాల్వుని తినేసి ఉన్నట్టుండి లీకు వచ్చినవాళ్ళకి వేగంగా కొట్టుకోవడమే ఆధారం. ఆ వేగాన్ని చూసి కంగారుపడి బీటా బ్లాకర్ ఇస్తే ఉన్న ఒక్క ఆసరా తీసేసినట్టే. అయోర్టా (గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని) గోడ చీలడం వల్ల లీకు వస్తే మాత్రం చీలిక కోసం ఆ మందు వాడాల్సి రావచ్చు, అదీ చాలా జాగ్రత్తగా. అయోర్టిక్ లీకు ఉన్నవాళ్ళకి బెలూన్ పంపు (గుండెకి సాయంగా అయోర్టాలో పెట్టే పరికరం) పెట్టకూడదు. గుండె సడలినప్పుడే ఆ బెలూను ఉబ్బి రక్తాన్ని వెనక్కి తోస్తుంది.

ఏళ్ళ తరబడి పెరిగే అయోర్టిక్ లీకులో జఠరిక బాగా సాగి, చివరికి హార్ట్ ఫెయిల్యూర్, జఠరిక లయ తప్పడం. ఈఎఫ్ 55కి దిగితే, ముడుచుకున్నప్పటి వెడల్పు 50 మి.మీ. దాటితే ఇక ఆగకూడదు.

కుడివైపు ట్రైకస్పిడ్ వాల్వు లీకు ఇంత హడావిడి చేయదు. కాలేయం, మూత్రపిండాలు, పేగులు రక్తం నిలిచిపోయి నెమ్మదిగా పాడవుతాయి. కండ కరిగిపోయి, పొట్టలో నీరు చేరి, ఏదో చిన్న ఇన్ఫెక్షన్‌తో పోతారు.

మత్తుగది:

పైవాళ్ళు జబ్బు చంపే తీరు చెప్పారు. తీవ్రమైన అయోర్టిక్ ఇరుకులో మనం చేసే పనివల్ల వచ్చే మరణాలు కూడా వ్యాసంలో ఉండాలి, ఎందుకంటే వాటిని తప్పించవచ్చు.

తుంటి ఎముక విరిగిన పెద్దాయనకి ఛాతీ మీద గొణుగు వినిపించినా ఎకో చేయకుండా వెన్నులో ఒక్కసారిగా పూర్తి మోతాదు మత్తు ఇచ్చారనుకోండి. కాళ్ళ నాళాలు వదులై నిమిషాల్లో బీపీ పడుతుంది. మామూలు గుండె ఎక్కువ రక్తం పంపి సర్దుకుంటుంది. ఇరుకు వాల్వు వెనకున్న గుండెకి ఆ వీలు లేదు. కింది బీపీ పడితే గుండె కండరానికి రక్తం తగ్గుతుంది, తగ్గితే గుండె ఇంకా బలహీనపడుతుంది, బీపీ ఇంకా పడుతుంది. ఈ సుడిలో చిక్కితే బయటికి రావడం కష్టం. గుండె ఆగాక ఛాతీ నొక్కినా ఇరుకు వాల్వు గుండా రక్తం సరిగా పోదు. కాబట్టి అసలు ఆగనివ్వకుండా చూసుకోవడమే పని.

చేయాల్సింది: మత్తుకి ముందే ధమనిలో బీపీ లైను. ఫినైల్‌ఎఫ్రిన్ (నాళాలను బిగించి బీపీ పెంచే మందు) సిరంజిలో సిద్ధం, బీపీ జారడం మొదలవగానే 50 నుంచి 100 మైక్రోగ్రాములు. పడిపోయాక కాదు. లయ సైనస్‌లోనే (మామూలు లయలోనే) ఉండాలి, వేగం మరీ పెరగకూడదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చి బీపీ పడితే మందులతో కాలయాపన చేయకుండా షాక్ ఇవ్వాలి. బిగుసుకున్న జఠరిక నిండటానికి కర్ణిక ముడుచుకోవడం ఎంతో అవసరం.

వార్డుల్లోనూ ఇదే తర్కం. ఛాతీ నొప్పి అనగానే నాలుక కింద నాళాలను వదులు చేసే నైట్రేటు మాత్ర, ఆయాసం అనగానే నీటి ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్. ఈ గుండెకి నిండుదనం కావాలి, ఎండగడితే బీపీ కూలుతుంది. వాంతులు, విరేచనాలు అవుతున్నప్పుడు నీటి మాత్ర అలాగే కొనసాగించడం కూడా ఇలాంటి ప్రమాదమే.

మందులపెట్టె:

వాల్వు మార్చాక సంగతి అడిగారు కదా. లోహపు వాల్వుతో మరణాలు ఎక్కువగా రెండు వైపుల నుంచి వస్తాయి: గడ్డ కట్టడం, రక్తస్రావం. రెండింటి మధ్య నడిచే దారి ఐఎన్ఆర్. మరే అదనపు ముప్పూ లేని ఇప్పటి రకం అయోర్టిక్ లోహపు వాల్వుకి లక్ష్యం 2.5, మిట్రల్‌కి 3.

వార్ఫరిన్ ఆపిన రోజు ఏమీ కాదు, మర్నాడూ కాదు. అందుకే జనం ధైర్యం చేస్తారు. వాల్వు టిక్కుటిక్కు శబ్దం మందగించడం, కొత్తగా ఆయాసం, ఐఎన్ఆర్ తక్కువ, ఈ మూడూ కలిస్తే గడ్డ పట్టి రెక్క ఇరుక్కుందనే అనుకోవాలి. అదే రోజు ఎకో, రెక్క కదలిక చూడటానికి ఫ్లోరోస్కోపీ (కదలికలు చూపే ఎక్స్‌రే) లేదా సీటీ. ఆలస్యమైతే గడ్డ కరిగించే మందుకైనా ఆపరేషన్‌కైనా రోగి తట్టుకోలేని స్థితికి చేరతాడు.

రెండో వైపు తలలో రక్తస్రావం. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్, ఫ్లూకొనజోల్, అమియోడరోన్ ఐఎన్ఆర్‌ని పైకి తోస్తాయి. రిఫాంపిసిన్, కార్బమజెపిన్ కిందికి లాగుతాయి. వీటిలో ఏది మొదలుపెట్టినా 3 నుంచి 5 రోజుల్లో ఐఎన్ఆర్ చూడాలి. ఆపినప్పుడు కూడా చూడాలి, ఇది మర్చిపోతుంటారు. రిఫాంపిసిన్ ఆపాక పాత మోతాదే మింగుతూ పోతే కొన్ని వారాల్లో ఐఎన్ఆర్ ఎగబాకుతుంది. అమియోడరోన్ ప్రభావం నెలల తరబడి ఉంటుంది. లోహపు వాల్వుకి డబిగట్రాన్ అనే మరో కొత్త మందు ప్రయత్నించిన రీఅలైన్ అధ్యయనాన్ని గడ్డలు, రక్తస్రావాలు ఎక్కువై మధ్యలోనే ఆపేశారు, ఫలితాలు 2013లో వచ్చాయి.

జంతు కణజాలపు వాల్వు 10, 15 ఏళ్ళకి అరుగుతుంది, వయసు తక్కువైతే ఇంకా త్వరగా. రెక్క చిరిగితే ఒక్కసారిగా లీకు. తొడ నుంచి పెట్టే వాల్వుతో మొదటి రోజుల్లో చూడాల్సింది హార్ట్ బ్లాక్. అది ఇంటికి వెళ్ళాక కూడా రావచ్చు, కాబట్టి కొత్తగా ఎడమ బండిల్ బ్లాక్ (గుండె ఎడమవైపు విద్యుత్ దారిలో అడ్డు) వచ్చినవాళ్ళ లయ మీద కొన్నాళ్ళు కన్నేసి ఉంచాలి.

నాడి:

చిన్న ప్రశ్న. పన్ను పీకించేముందు వాల్వు జబ్బు ఉన్న ప్రతివాళ్ళూ యాంటీబయాటిక్ మింగాలా? రుమాటిక్ రోగులు పెన్సిలిన్ సూది వేయించుకుంటున్నారు కదా, అది చాలదా?

మందులపెట్టె:

రెండూ వేరు, కలపకండి. రుమాటిక్ రోగికి 3 నుంచి 4 వారాలకోసారి ఇచ్చే 12 లక్షల యూనిట్ల బెంజథీన్ పెన్సిలిన్ గొంతు ఇన్ఫెక్షన్ మళ్ళీ రాకుండా, జ్వరం తిరగబెట్టకుండా. వాల్వుకి క్రిములు పట్టకుండా ఆపడానికి అది చాలదు. పన్ను పనికి ముందు అమాక్సిసిలిన్ 2 గ్రాములు, 30 నుంచి 60 నిమిషాల ముందు, ఒక్కసారి. అదీ కృత్రిమ వాల్వు ఉన్నవాళ్ళకి, ఇదివరకు వాల్వు ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ళకి, కొన్ని పుట్టుకతో వచ్చే జబ్బులవాళ్ళకి. సొంత వాల్వు ఎంత పాడైనా దానికోసమే ఇవ్వాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007 నుంచి చెప్పడం లేదు. ఎప్పటి నుంచో పెన్సిలిన్ వేయించుకుంటున్నవాళ్ళ నోటి క్రిములు దానికి లొంగకపోవచ్చు కాబట్టి వీళ్ళకి అజిత్రోమైసిన్ లాంటి వేరే రకం ఎంచుకుంటారు.

వాల్వు ఇన్ఫెక్షన్ మరణాల్లో ఎక్కువగా జరిగే తప్పు, జ్వరం రాగానే, రక్తం కల్చర్‌కి (క్రిమిని పెంచి గుర్తించే పరీక్షకి) తీయకముందే ఒక యాంటీబయాటిక్ మొదలుపెట్టడం. మూడు చోట్ల నుంచి రక్తం కల్చర్‌కి తీశాకే మందు. లేకపోతే క్రిమి ఏదో తెలియదు, జ్వరం తగ్గినట్టే తగ్గి లోపల చీము గూడు కడుతుంది. అయోర్టిక్ వాల్వు రోగి ఈసీజీలో పీఆర్ వ్యవధి (విద్యుత్ సంకేతం కర్ణిక నుంచి జఠరికకి చేరే కాలం) రోజురోజుకీ పెరుగుతుంటే చీము విద్యుత్ తీగ దాకా వచ్చిందని అనుమానించాలి.

పెన్సిలిన్ సూది గురించి ఇంకొకటి. తీవ్రమైన రుమాటిక్ వాల్వు జబ్బుతో ఆయాసపడేవాళ్ళు సూది వేసిన నిమిషాల్లో కూలిపోయి చనిపోతే అందరూ ‘అలర్జీ’ అనేవారు. వాటిలో చాలావాటి తీరు అలర్జీలా లేదు. నొప్పికి, భయానికి వేగస్ నాడి ప్రేరేపితమై బీపీ, గుండె వేగం పడిపోతే ఆ బలహీన గుండె కోలుకోలేకపోయింది. అందుకే 2022లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సలహా ఇచ్చింది: లక్షణాలతో ఉన్న తీవ్ర జబ్బు, ఈఎఫ్ 50 లోపు ఉండటం లాంటి ముప్పున్నవాళ్ళకి సూది బదులు నోటి మాత్రలు గట్టిగా ఆలోచించాలని. సూదే తప్పదంటే పడుకోబెట్టి వేయాలి, వేసేముందు నీళ్ళు తాగించాలి, నొప్పి తగ్గించాలి.

పరిశీలక:

ఈ సంగతి నాకు కొత్త, వ్యాసంలో పెడతాను. ఇక ధ్రువపత్రం మాట, లక్షణాలు లేనివాళ్ళని కనిపెట్టుకుని ఉండే పద్ధతీ మిగిలాయి.

ఎకోగది:

ధ్రువపత్రం మొదటి భాగంలో పై గీత మీద దగ్గరి కారణం, కిందికి పోతూ దాన్ని పుట్టించినవి. ఉదాహరణకి: (క) ఊపిరితిత్తుల్లో నీరు, (ఖ) ఎడమ జఠరిక వైఫల్యం, (గ) సున్నం పేరుకున్న తీవ్ర అయోర్టిక్ వాల్వు ఇరుకు. ఎదురుగా ఒక్కోటి ఎంతకాలంగా ఉందో. మధుమేహం, మూత్రపిండాల జబ్బు లాంటివి రెండో భాగంలో. గణాంకాల్లోకి వెళ్ళేది అడుగు గీతలోని మూలకారణం. అక్కడ వాల్వు పేరు రాయకపోతే ఆ మరణం ఉత్త హార్ట్ ఫెయిల్యూర్ కింద కలిసిపోతుంది. జబ్బు రకం కూడా స్పష్టంగా రాయాలి. ఐసీడీ-10లో (జబ్బులకి అంతర్జాతీయ సంకేతాల పట్టికలో) మిట్రల్ ఇరుకు అని మాత్రమే రాస్తే అది రుమాటిక్ కిందికే, ఐ05.0కి వెళ్తుంది. రుమాటిక్ కాని అయోర్టిక్ ఇరుకు ఐ35.0. ఇరుకు వాల్వు ఉన్న వృద్ధుడు న్యుమోనియాతోనో పేగు రక్తస్రావంతోనో పోతే నిజంగా ఏది మూలమో ఆలోచించి రాయాలి. ఆ రక్తస్రావం కూడా వాల్వు పనే కావచ్చు. రక్తం గడ్డకట్టడానికి సాయపడే వాన్ విల్లెబ్రాండ్ ప్రోటీన్ ఇరుకులో నలిగి తెగిపోతే పేగులోని బలహీన నాళాలు కారుతాయి. వాల్వు మార్చాక చాలామందిలో అది ఆగుతుంది.

లక్షణాలు లేని తీవ్ర అయోర్టిక్ ఇరుకుకి 6 నుంచి 12 నెలలకోసారి ఎకో. ‘ఆయాసం ఉందా’ అని అడిగితే చాలామంది లేదనే అంటారు, ఎందుకంటే ఆయాసం రాకుండా పనులు తగ్గించేసుకుని ఉంటారు. ‘నిరుడు ఈ రోజుల్లో చేసిన ఏ పని ఇప్పుడు మానేశారు’ అని అడగండి, ఇంట్లోవాళ్ళనీ అడగండి. అనుమానం తీరకపోతే డాక్టరు పక్కనుండగా ట్రెడ్‌మిల్ పరీక్ష. నడుస్తుండగా బీపీ పెరగాల్సింది పోయి తగ్గితే, లక్షణాలు బయటపడితే వెంటనే ఆపి వాల్వు మార్పిడికి పంపాలి. ముందే లక్షణాలున్నాయని చెప్పినవాళ్ళని మాత్రం ట్రెడ్‌మిల్ ఎక్కించకూడదు.